చార్జింగ్ కేంద్రాలు తక్కువగా ఉన్నచోట విద్యుత్ కారు ఆచరణీయమేనా?

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: విద్యుత్ కార్ల వినియోగం మహానగరాల ఎల్లలు దాటి జిల్లా కేంద్రాలకు, పురపాలక పట్టణాలకు విస్తరిస్తున్నది. ఈ తరుణంలో కొనదలచిన ప్రతి కుటుంబం వేసే మొదటి ప్రశ్న "దారిలో చార్జింగ్ అయిపోతే ఏమిటి గతి?" అన్నదే. పెట్రోలు బంకు లేని మండలం అరుదు. పనిచేసే చార్జింగ్ కేంద్రం ఉన్న మండలం కూడా నేటికీ అరుదే. సామాన్య కుటుంబానికి ఇల్లు తరువాత అతిపెద్ద కొనుగోలు కారే గనుక ఈ ప్రశ్నను తేలికగా తీసుకోవడానికి వీలులేదు. మరోవైపు చార్జింగ్ సదుపాయాలపై వెచ్చిస్తున్నది ప్రజాధనం. ఆ ధనం అవసరమైన చోటికే చేరుతున్నదా అన్నది అధికారులు, పాత్రికేయులు నిరంతరం పరిశీలించవలసిన అంశం.

సమాధానం క్లుప్తంగా చెప్పవలసి వస్తే, విద్యుత్ కారు ఆచరణీయత ఊరిలో ఎన్ని చార్జింగ్ కేంద్రాలు ఉన్నాయన్నదానిపై గాక, రాత్రివేళ కారు నిలిపే చోట కరెంటు ప్లగ్ ఉన్నదా లేదా అన్నదానిపై ప్రధానంగా ఆధారపడి ఉంటుంది. ఆ ప్లగ్ ఉన్నవారికి బహిరంగ కేంద్రాలు దూరప్రయాణాలకు మాత్రమే అవసరం. అది లేనివారికి అవే సర్వస్వం. ఈ భేదాన్ని గుర్తించి ప్రణాళికలు రూపొందించినపుడే పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం లభిస్తుంది.

దేశంలో ప్రస్తుత స్థితి

కేంద్ర ప్రభుత్వ గణాంకాల ప్రకారం 2024 ఫిబ్రవరి నాటికి దేశంలో 12,146 బహిరంగ చార్జింగ్ కేంద్రాలు ఉండగా, అదే సంవత్సరం డిసెంబరు నాటికి వాటి సంఖ్య 25,202కు చేరింది. పది మాసాల వ్యవధిలో సంఖ్య రెట్టింపునకు పైగా పెరగడం గమనార్హం. అయితే వీటిలో అధికభాగం కొన్ని రాష్ట్రాలలో, అందునా పెద్ద నగరాలలో కేంద్రీకృతమై ఉన్నాయి.

2023 మార్చిలో ఫేమ్ రెండవ దశ పథకం కింద మూడు ప్రభుత్వరంగ చమురు సంస్థలకు 7,432 వేగవంతమైన చార్జింగ్ కేంద్రాల ఏర్పాటు నిమిత్తం 800 కోట్ల రూపాయలు మంజూరు చేయడం జరిగింది. 2024 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకపు మొత్తం వ్యయం 10,900 కోట్ల రూపాయలు కాగా, అందులో 2,000 కోట్లను చార్జింగ్ సదుపాయాలకు ప్రత్యేకించారు. నాలుగు చక్రాల వాహనాల కోసం 22,100 వేగవంతమైన చార్జర్లు నెలకొల్పడం ఈ పథకం లక్ష్యాలలో ఒకటి. ఈ పథకంలో ప్రైవేటు కారు కొనుగోలుకు రాయితీ లేదు. కారు యజమానికి కేంద్రం నుంచి లభించే ప్రధాన ప్రోత్సాహం 2019 ఆగస్టు 1 నుంచి విద్యుత్ వాహనాలపై 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించిన జి.ఎస్.టి. మాత్రమే.

తెలంగాణలో 2020 అక్టోబరులో ప్రకటించిన విద్యుత్ వాహన విధానం తొలి 5,000 ప్రైవేటు కార్లకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. 2024 నవంబరులో వెలువడిన ఉత్తర్వులు ఆ సంఖ్యా పరిమితిని తొలగించి, 2026 డిసెంబరు 31 వరకు ఈ మినహాయింపును వర్తింపజేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నాటి విధానం స్థానే 2024-29 కాలానికి నూతన విధానం ప్రకటించారు.

యూనిట్లలో లెక్క

సాంకేతిక పదజాలంతో పనిలేకుండా ప్రతి గృహిణికీ తెలిసిన "యూనిట్" లెక్కలోనే ఈ విషయాన్ని గ్రహించవచ్చును. పెట్రోలు కారు ట్యాంకును లీటర్లలో కొలిచినట్లే విద్యుత్ కారు బ్యాటరీని యూనిట్లలో కొలుస్తారు. 2020 జనవరిలో విడుదలైన టాటా నెక్సాన్ విద్యుత్ కారు బ్యాటరీ సామర్థ్యం 30.2 యూనిట్లు. 2022లో వచ్చిన టియాగో విద్యుత్ కారులో 19.2, 24 యూనిట్ల బ్యాటరీలు, 2023లో వచ్చిన ఎం.జి. కామెట్‌లో 17.3 యూనిట్ల బ్యాటరీ అమర్చారు.

ఒక యూనిట్‌కు ఇటువంటి కారు సాధారణంగా 6 నుంచి 8 కిలోమీటర్లు నడుస్తుంది. అనగా 30 యూనిట్ల బ్యాటరీతో వాస్తవంలో సుమారు 200 కిలోమీటర్లు ప్రయాణించవచ్చును. ఇదే నెక్సాన్‌కు ప్రయోగశాల పరీక్షలో ధ్రువీకరించిన దూరం 312 కిలోమీటర్లు. ప్రయోగశాలలో ఎండ లేదు, ఏ.సి. భారం లేదు, ఎదురుగాలి లేదు. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది గనుక గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారుకంటె గణనీయంగా ఎక్కువ దూరం పోగలదు. ప్రకటనలలోని దూరంలో మూడింట రెండు వంతులు మాత్రమే చేతికి వస్తుందని భావించి నిర్ణయం తీసుకోవడం శ్రేయస్కరం.

రాత్రి నిలిపే చోటే తొలి చార్జింగ్ కేంద్రం

పట్టణంలో ఉద్యోగం చేసే వ్యక్తి రోజుకు 40 కిలోమీటర్లు తిరుగుతాడనుకుందాము. చార్జింగ్‌లో జరిగే నష్టంతో కలిపి ఇందుకు 6 నుంచి 7 యూనిట్లు సరిపోతాయి. ఏ.సి., గీజరు పెట్టుకునే 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ నుంచి గంటకు సుమారు 3 యూనిట్లు లభిస్తాయి. అనగా రాత్రివేళ రెండు, రెండున్నర గంటలు చార్జింగ్ పెడితే మరునాటి అవసరం తీరుతుంది. ఒక రాత్రి విద్యుత్ సరఫరాకు అంతరాయం కలిగినా, ముందునాటి నిల్వ మిగిలి ఉంటుంది గనుక ప్రయాణం ఆగదు. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితే నింపడానికి ఈ ప్లగ్ మీద పది, పదకొండు గంటలు పడుతుంది. అటువంటి అవసరం నిత్యం ఏర్పడదు.

ఈ విషయాన్ని అనుభవం సైతం ధ్రువపరుస్తున్నది. 2001లో బెంగళూరు నుంచి వెలువడిన రేవా కారు ఒక చార్జింగుతో సుమారు 80 కిలోమీటర్లు నడిచేది. నాడు దేశంలో బహిరంగ చార్జింగ్ వ్యవస్థ అన్నదే లేదు. అయినప్పటికీ సొంత ఇల్లు, గ్యారేజీ ఉన్నవారు ఇంటి ప్లగ్‌తోనే ఆ కారును సంవత్సరాల తరబడి నగర ప్రయాణాలకు వినియోగించుకున్నారు.

అయితే ఇంటి ప్లగ్ సురక్షితంగా ఉండటం ముఖ్యం. గంటల తరబడి పూర్తి భారం మోయవలసిన ఈ ప్లగ్‌కు తగిన మందం గల తీగ, ప్రత్యేక ఎం.సి.బి., సరియైన ఎర్తింగ్ తప్పనిసరి. కిటికీ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి చార్జింగ్ చేయడం అగ్నిప్రమాదాన్ని ఆహ్వానించడమే. మంజూరైన లోడు చాలనపుడు విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేసి పెంచుకోవలసి ఉంటుంది.

గ్రామీణ విద్యుత్ వ్యవస్థ తట్టుకోగలదా?

గ్రామాలలోని ట్రాన్స్‌ఫార్మర్లు ఈ భారాన్ని భరించగలవా అన్న సందేహం సహజం. 5 హెచ్.పి. వ్యవసాయ పంపుసెట్టు తీసుకునే విద్యుత్తు సుమారు 3.7 కిలోవాట్లు. ఇంటి ప్లగ్ నుంచి చార్జింగ్ అయ్యే కారు తీసుకునేది సుమారు 3 కిలోవాట్లు. లక్షలాది పంపుసెట్లను నడుపుతున్న వ్యవస్థకు, వాడకం తగ్గిన అర్ధరాత్రి వేళ, అక్కడొకటి ఇక్కడొకటిగా చార్జింగ్ అయ్యే కార్లు పెనుభారం కాబోవు.

వేగవంతమైన చార్జర్ విషయం ఇందుకు భిన్నం. 60 కిలోవాట్ల చార్జర్ ఒక్కటే పల్లెలలో సాధారణంగా కనిపించే 63 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరును దాదాపు పూర్తిగా ఆక్రమిస్తుంది. దానికి ప్రత్యేక ట్రాన్స్‌ఫార్మరు, లైను వేయవలసి ఉంటుంది. రోజుకు రెండు మూడు కార్లు మాత్రమే వచ్చే చోట ఆ పెట్టుబడి తిరిగి రాదు. ఆదాయం లేని కేంద్రం కొద్దికాలంలోనే మరమ్మతుకు నోచుకోని కేంద్రంగా మారుతుంది. కావున ప్రతి గ్రామానికి వేగవంతమైన చార్జర్ అన్నది ఆకర్షణీయమైన నినాదమే గాని, ఆచరణయోగ్యమైన లక్ష్యం కాదు. గ్రామానికి కావలసింది ఇంటి వద్ద నాణ్యమైన సరఫరా. వేగవంతమైన చార్జర్ ఉండవలసిన స్థానం జాతీయ రహదారి.

రహదారి ప్రయాణం: హైదరాబాద్-విజయవాడ ఉదాహరణ

65వ నెంబరు జాతీయ రహదారిపై హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. మధ్యలో సూర్యాపేట సుమారు 135 కిలోమీటర్ల వద్ద ఉన్నది. 30 యూనిట్ల బ్యాటరీ గల కారు రహదారి వేగంలో యూనిట్‌కు 6.5 కిలోమీటర్లు నడిచిందనుకుంటే, సూర్యాపేట చేరేసరికి 21 యూనిట్లు ఖర్చయి 9 యూనిట్లు మిగులుతాయి. అక్కడ 40 నిమిషాలు ఆగి 80 శాతం వరకు, అనగా 24 యూనిట్లకు నింపుకున్నచో మిగిలిన దూరం పూర్తయి మరో 20 కిలోమీటర్ల నిల్వ ఉంటుంది. బ్యాటరీ నిండుతున్న కొద్దీ చార్జింగ్ వేగం తగ్గుతుంది గనుక చివరి 20 శాతం కోసం వేచి ఉండటం కంటె బయలుదేరడమే మేలు. భోజన విరామంలోనే చార్జింగ్ పూర్తవుతుంది గనుక పెద్దగా కాలయాపన లేదు.

ఇదంతా సూర్యాపేటలోని చార్జర్ పనిచేస్తున్నపుడు మాత్రమే. పనిచేయని పక్షంలో మిగిలిన 9 యూనిట్లతో సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని కోదాడకు చేరవలసి ఉంటుంది. చేరేసరికి బ్యాటరీలో రెండు యూనిట్లు మిగులుతాయి. ఏ.సి. ఆపి, వేగం తగ్గించి, పిల్లలతో, వృద్ధులతో ఆందోళనగా సాగే ఆ ప్రయాణాన్ని సౌకర్యమని ఎవరూ అనజాలరు. అక్కడి చార్జర్ కూడా మూతపడి ఉంటే ఇక టోయింగ్ వాహనమే శరణ్యం.

కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలలోని దూరాల అంతరార్థం ఇక్కడే బోధపడుతుంది. 2019 మార్గదర్శకాలు రహదారికి ఇరువైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక చార్జింగ్ కేంద్రం ఉండాలని సూచించగా, 2024 సెప్టెంబరు మార్గదర్శకాలు ఆ దూరాన్ని 20 కిలోమీటర్లకు తగ్గించాయి. కారు 200 కిలోమీటర్లు నడవగలిగినపుడు ఇంత దగ్గర దగ్గరగా కేంద్రాలు ఎందుకని ప్రశ్నించవచ్చును. ఒక కేంద్రం పనిచేయకపోయినా, మరొక దానివద్ద వరుస ఉన్నా తరువాతి కేంద్రానికి నిశ్చింతగా చేరగలగడమే దాని ప్రయోజనం.

వరుస విషయం మరింత ముఖ్యమైనది. పెట్రోలు నింపడానికి ఐదు నిమిషాలు చాలును. ఒకే గన్ ఉన్న కేంద్రంలో ఒక్కొక్క కారుకు 40 నిమిషాలు పడితే, వరుసలో పదవ కారు వంతు రావడానికి ఆరు గంటలు వేచి ఉండాలి. సంక్రాంతికి ఈ రహదారిపై టోల్ ప్లాజాల వద్ద బారులు తీరే వాహనాలను ఎరిగినవారికి దీని తీవ్రత వేరుగా చెప్పనక్కరలేదు. రహదారిపై ఒక్కొక్క గన్ గల పది కేంద్రాలతో పాటు, కొన్ని చోట్లనైనా నాలుగైదు గన్‌లు గల కేంద్రాలు అవసరం.

అటవీ మార్గాలు, పుణ్యక్షేత్రాలు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం సుమారు 215 కిలోమీటర్లు. మన్ననూరు దాటిన పిమ్మట దోమలపెంట వరకు దారి నల్లమల అడవిలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు అక్కడ వాహనాలకు అనుమతి లేదు. ఘాట్ రోడ్డులో సుమారు 1,500 కిలోల బరువున్న కారు 500 మీటర్ల ఎత్తు ఎక్కడానికి మామూలు ఖర్చుకు అదనంగా 2 యూనిట్లకు పైగా వ్యయమవుతుంది. దిగేటపుడు మోటారు జనరేటరుగా పనిచేసి అందులో కొంత భాగాన్ని తిరిగి బ్యాటరీకి చేరుస్తుంది.

ఇటువంటి మార్గంలో అడవి నడుమ కేంద్రాలు నెలకొల్పడం పర్యావరణ రీత్యా వాంఛనీయం కాదు. అడవిలో ప్రవేశించడానికి ముందు కల్వకుర్తి, అచ్చంపేట పరిసరాలలో వేగవంతమైన చార్జర్లు, కొండపై యాత్రికులు బసచేసే సత్రాలు, అతిథిగృహాల వాహన నిలుపుదల స్థలాలలో సాధారణ పవర్ ప్లగ్‌లు ఉంటే సమస్య చాలావరకు తీరుతుంది. రాత్రంతా నిలిచి ఉండే కారుకు వేగవంతమైన చార్జర్‌తో పనిలేదు. మీటరు, ఎర్తింగ్ సక్రమంగా ఉన్న పది ప్లగ్‌ల ఏర్పాటుకు అయ్యే ఖర్చు ఒక వేగవంతమైన చార్జర్ ఖర్చులో స్వల్పభాగమే.

పొరుగు దేశమైన నేపాల్ అనుభవం ఈ సందర్భంలో పరిశీలించదగినది. కొండదారులు, పరిమిత ఆర్థిక వనరులు గల ఆ దేశం ఇటీవలి సంవత్సరాలలో దిగుమతి చేసుకున్న కార్లలో అధికభాగం విద్యుత్ కార్లే. జలవిద్యుత్ లభ్యత, పెట్రోలు కార్లకంటె తక్కువ సుంకాలు ఇందుకు మూలకారణాలు. ప్రభుత్వ విద్యుత్ సంస్థ ప్రధాన రహదారులపై కేంద్రాలు నెలకొల్పగా, దారిపొడవునా హోటళ్లు, భోజనశాలలు తమ ఆవరణలలో సొంతంగా చార్జర్లు అమర్చుకున్నాయి. బండి ఆగే చోటునే చార్జింగ్ చోటుగా మార్చడమే అక్కడి కిటుకు.

ఎవరికి అనుకూలం, ఎవరికి కాదు?

ఖర్చు లెక్క కూడా ఇదే భేదాన్ని చూపుతుంది. లీటరు పెట్రోలు 100 రూపాయలుగా, కారు లీటరుకు 15 కిలోమీటర్లు నడిచేదిగా లెక్కిస్తే కిలోమీటరుకు 6 రూపాయల 70 పైసలు అవుతుంది. ఇంటివద్ద యూనిట్ 10 రూపాయలు, నష్టంతో కలిపి యూనిట్‌కు 6 కిలోమీటర్లు అనుకున్నా విద్యుత్ కారుకు కిలోమీటరుకు అయ్యేది సుమారు ఒక రూపాయి 70 పైసలు. ఏటా 12,000 కిలోమీటర్లు తిరిగేవారికి మిగులు సుమారు 60,000 రూపాయలు. బహిరంగ కేంద్రంలో యూనిట్ 20 రూపాయలు చెల్లించవలసి వస్తే ఆ మిగులు 40,000 రూపాయలకు తగ్గుతుంది. ఏడాదికి 5,000 కిలోమీటర్లు కూడా తిరగని కుటుంబానికి కారు ధరలోని వ్యత్యాసం తిరిగి రావడానికి చాలా సంవత్సరాలు పడుతుంది.

దీనిని బట్టి సొంత ఇల్లు, కారు నిలుపుకునే స్థలం, నిర్ణీతమైన దినసరి ప్రయాణం గల వైద్యులు, ఉపాధ్యాయులు, వ్యాపారులు, ఉద్యోగులకు చార్జింగ్ కేంద్రమే లేని పట్టణంలో సైతం విద్యుత్ కారు ఆచరణీయమే. కారును వీధిలో నిలుపుకునే అద్దె ఇంటివారికి, సొంత పార్కింగ్ లేని అపార్టుమెంటు వాసులకు, పిలుపు వచ్చిన వెంటనే ఎంత దూరమైనా వెళ్లవలసిన టాక్సీ యజమానులకు నేటి పరిస్థితులలో అది కష్టసాధ్యం. నిజానికి బహిరంగ కేంద్రాలు అత్యవసరమైనది ఈ వర్గానికే. పట్టణాలలో కేంద్రాల స్థలాలను ఎంపిక చేసేటపుడు షాపింగ్ మాల్స్ కంటె ముందు అద్దె ఇళ్లు అధికంగా ఉన్న కాలనీలను పరిగణించడం న్యాయం.

అపార్టుమెంటు వాసులకు చట్టపరమైన వెసులుబాటు ఉన్నది. 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమావళి ప్రకారం వాహన చార్జింగ్ నిమిత్తం ప్రత్యేక కనెక్షన్ కోరవచ్చును. కొత్త కనెక్షన్‌ను మెట్రో నగరాలలో 3 రోజులు, ఇతర పురపాలక ప్రాంతాలలో 7 రోజులు, గ్రామీణ ప్రాంతాలలో 15 రోజులలోగా ఇవ్వవలసి ఉన్నది. నూతన భవనాలలో పార్కింగ్ సామర్థ్యంలో 20 శాతానికి చార్జింగ్ సదుపాయం కల్పించాలని 2019లో సవరించిన కేంద్ర నమూనా భవన నియమావళి సూచిస్తున్నది.

ప్రభుత్వ వాహనాల విషయం

2017లో కేంద్ర ప్రభుత్వరంగ సంస్థ ఇ.ఇ.ఎస్.ఎల్. ప్రభుత్వ శాఖల కోసం 10,000 విద్యుత్ కార్ల సేకరణకు టెండర్లు పిలిచింది. నాటి కార్ల బ్యాటరీలు చిన్నవి. పర్యటనలు అధికంగా ఉండే అధికారులకు అవి చాలవు. నేడు బ్యాటరీల సామర్థ్యం పెరగడంతో పాటు జిల్లాల విస్తీర్ణం కూడా తగ్గింది. తెలంగాణలోని 10 జిల్లాలు 2016లో 31గా, 2019లో 33గా, ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 2022లో 26గా పునర్వ్యవస్థీకరించబడిన ఫలితంగా జిల్లా కేంద్రం నుంచి మారుమూల మండలానికి దూరం అనేకచోట్ల తగ్గిపోయింది. సాయంత్రానికి కార్యాలయానికి తిరిగివచ్చే వాహనాలకు కార్యాలయ ఆవరణలోని ప్లగ్ సరిపోతుంది. వరదలు, తుపానుల వంటి విపత్తులలో రేయింబవళ్లు తిరగవలసిన వాహనాలను మాత్రం ఇప్పుడే మార్చకపోవడం వివేకం.

గమనించవలసిన అంశాలు

చార్జింగ్ కేంద్రాల పురోగతిని సమీక్షించే అధికారులు, ఆ వార్తలను ప్రజలకు అందించే పాత్రికేయులు ప్రారంభించిన కేంద్రాల సంఖ్యతో తృప్తిపడక ఈ క్రింది ప్రశ్నలు వేయడం ఉపయుక్తం.

1. ప్రారంభమైన కేంద్రాలలో ఈ రోజు ఎన్ని పనిచేస్తున్నాయి? చెడిపోయిన చార్జర్ ఎన్ని రోజులలో బాగవుతున్నది?

2. అక్కడి గన్ నేటి కార్లకు సరిపోయే సి.సి.ఎస్.-2 రకానిదేనా? పాతరకం గన్ మాత్రమే ఉంటే ఆ కేంద్రం లెక్కలో ఉన్నా వాడుకలో లేనట్లే.

3. మొబైల్ సిగ్నలు, ప్రత్యేక యాప్ లేకుండా చార్జింగ్ మొదలుపెట్టి రుసుము చెల్లించే ఏర్పాటు ఉన్నదా?

4. రాత్రివేళ వెలుతురు, తాగునీరు, మరుగుదొడ్డి ఉన్నాయా? 40 నిమిషాలు ఒంటరిగా వేచి ఉండవలసిన మహిళకు ఇవి ప్రాథమిక అవసరాలు.

5. ఇంటివద్ద చార్జింగ్ కనెక్షన్ కోసం వచ్చిన దరఖాస్తులలో నిర్ణీత గడువులోగా ఎన్ని పరిష్కారమయ్యాయి?

వీటిలో చివరి ప్రశ్న అన్నిటికంటె తక్కువగా అడుగుతున్నదైనప్పటికీ అన్నిటికంటె ముఖ్యమైనది. ఒక వేగవంతమైన చార్జర్ ప్రారంభోత్సవానికి శిలాఫలకం ఉంటుంది, ఛాయాచిత్రం ఉంటుంది. ఒక కాలనీలో పది ఇళ్లకు సకాలంలో అందిన కనెక్షన్‌కు అవేవీ ఉండవు. అయినా చార్జింగ్ కేంద్రం లేని ఊరిలో విద్యుత్ కారును నడిపించేది ఆ కనెక్షనే. రహదారులపై నమ్మదగిన వేగవంతమైన చార్జర్లు, ఇళ్లవద్ద సురక్షితమైన ప్లగ్‌లు, సొంత స్థలం లేనివారికి కాలనీ కేంద్రాలు అన్న మూడు అంచెల ఏర్పాటు సమకూరినపుడు విద్యుత్ కారు సౌలభ్యం స్థితిమంతులకే గాక సామాన్యులకు సైతం అందుబాటులోకి రాగలదు.